దిగనివ్వకపోయినా సరే, నీళ్లివ్వండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్
డాక్టర్ టెడ్రోస్ అధనోమ్ గెబ్రెయేసస్ గారికి,



కోవిడ్ నేర్పిన పాఠాల మీద మీకు వచ్చిన ఉత్తరాలకు లెక్క ఉండదు. టీకాల గురించి, ఆక్సిజన్ గురించి, అబద్ధపు ప్రచారాల గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది తెరచాప పడవల గురించి. ఇంగ్లిషులో యాచ్ అంటారే, వాటి గురించి.

నవ్వొస్తుందని తెలుసు. యాచ్ అనగానే మా తెలుగువాళ్లకు గుర్తొచ్చేది సినిమాలో పాట. తెల్లటి డెక్కు, నల్ల కళ్లద్దాలు, చేతిలో గ్లాసు. ఊపిరాడక జనం ఆస్పత్రి మెట్ల మీద చనిపోయిన రోజుల్లో వీళ్ల గోల ఎవడికి కావాలి అని ఎవరైనా అంటే తప్పు పట్టలేను. అయితే 2020 మార్చిలో మహాసముద్రాల మధ్య చిక్కుపడినవాళ్లలో చాలామందికి ఆ సినిమా పడవలతో సంబంధం లేదు. వాళ్లవి ముప్ఫై అయిదు, నలభై అడుగుల ఫైబర్ పడవలు. రిటైరయ్యాక ఇల్లు అమ్మి పడవ కొనుక్కున్న భార్యాభర్తలు, పిల్లలకు పడవలోనే చదువు చెప్పుకుంటూ రెండు మూడేళ్లు తిరిగొద్దామని బయల్దేరిన కుటుంబాలు, ఒంటరిగా తిరిగే మొండివాళ్లు. వాళ్లకు ఆ పడవే ఇల్లు. 'ఇంట్లోనే ఉండండి' అని ప్రపంచమంతా చెబుతున్నప్పుడు వాళ్లు నిజంగానే ఇంట్లో ఉన్నారు. ఆ ఇల్లు కట్టేసుకోవడానికే చోటు దొరకలేదు.

ఏం జరిగిందో చెబుతాను. ఏటా ఫిబ్రవరి, మే నెలల మధ్య ఈ పడవలు పనామా కాలువ దాటి పసిఫిక్‌లోకి వస్తాయి. గలాపగోస్ దీవుల దగ్గర్నుంచి ఫ్రెంచ్ పాలినీసియాలోని మార్క్విసాస్ దీవుల దాకా సుమారు 3,000 నాటికల్ మైళ్లు. మధ్యలో మట్టిగడ్డ కూడా కనపడదు. మామూలు పడవకు మూడు నాలుగు వారాల ప్రయాణం. మీరు కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది మార్చి 11న. ఆ వారం గలాపగోస్ వదిలిన పడవకు మార్క్విసాస్ కొండలు కనిపించేసరికి ఏప్రిల్ వచ్చేసింది. బయల్దేరినప్పుడు తెరిచి ఉన్న దేశం చేరేసరికి మూసుకుంది. ఇక్కడ దిగొద్దు, తాహితీలోని పపీతే రేవుకు పొండి అన్నారు. అది ఇంకో 700 పైచిలుకు నాటికల్ మైళ్లు. అక్కడికెళ్తే పడవను వదిలేసి విమానమెక్కి మీ దేశానికి వెళ్లమన్న సలహా.

వచ్చిన దారినే వెనక్కి పోవచ్చు కదా అని ఒడ్డున ఉన్నవాడు అడుగుతాడు. అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తూర్పు నుంచి పడమరకే వీస్తుంది. మా బడి పుస్తకాల్లో వ్యాపార పవనాలని చదువుకున్నవి అవే. గాలికి ఎదురు తిరిగి అంత దూరం పోవడానికి నెలన్నర పట్టినా పట్టొచ్చు, తెరచాపలు చిరగొచ్చు, మనుషులు అలిసిపోవడం మాత్రం ఖాయం. డీజిల్ మీద పోదామంటే పడవలో ఉండేది రేవులోకి రావడానికీ పోవడానికీ, గాలి పడిపోయిన రోజుల్లో కొంత నడపడానికీ సరిపడే ఇంధనమే. నీళ్ల సంగతి ఇంకా కష్టం. ట్యాంకుల్లో కొన్ని వందల లీటర్లు ఉంటాయి. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్న పడవలూ ఉన్నాయి గానీ దాని పంపు పాడైతే విడిభాగం దొరికేది రేవులోనే. వంట గ్యాసు అయిపోతే ఒక దేశం సిలిండరుకు ఇంకో దేశం రెగ్యులేటరు పట్టదు. నేలమీద చిల్లర విషయాలనిపించేవన్నీ సముద్రం మీద ప్రాణం మీదికొస్తాయి.

పైగా తుపాన్లు. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపాను కాలం. అందుకే పడవలు అక్టోబరు చివరికల్లా న్యూజీలాండ్‌కో ఆస్ట్రేలియాకో దిగిపోతాయి. ఆ ఏడు ఏప్రిల్లోనే హెరాల్డ్ తుపాను సాల్మన్ దీవులు, వనువాటు, ఫిజీ, టోంగాల మీదుగా పోయింది. డిసెంబరులో యాసా అయిదో కేటగిరీ తీవ్రతతో ఫిజీ మీదికొచ్చింది. అట్లాంటిక్ వైపు కరీబియన్‌లో జూన్ ఒకటి నుంచి హరికేన్ల కాలం. ఆ తేదీ దాటాక పడవ ఆ ప్రాంతంలో ఉంటే చాలా బీమా పాలసీలు వర్తించవు. ఉండడానికి వీల్లేదు, పోవడానికి తలుపు లేదు.

ఇక నేను అడగదలచింది. ఒడ్డు ఎక్కనివ్వకపోవడం ఒకటి, నీళ్లివ్వకపోవడం ఇంకొకటి. 2020లో చాలా దేశాలు ఈ రెంటినీ కలిపేశాయి. మొదటిదానికి కారణాలుండొచ్చు. రెండోదానికి లేవు.

రెంటినీ విడదీయొచ్చని ఆ ఏడాదే చూపించిన ఊరు ఒకటుంది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో ఫయాల్ దీవి మీద హోర్తా రేవు. కరీబియన్ నుంచి యూరప్‌కు తిరిగెళ్లే పడవలకు అట్లాంటిక్ మధ్య అది మజిలీ. ప్రతి పడవవాళ్లూ రేవు గోడ మీద తమ పడవ బొమ్మో పేరో రంగులతో వేసి వెళ్లాలి, వేయకపోతే మిగతా ప్రయాణం కీడు అని అక్కడొక నమ్మకం. ఏళ్ల తరబడి వేసిన ఆ బొమ్మలతో గోడలూ గట్లూ నిండిపోయి ఉంటాయి. 2020 వసంతంలో మాత్రం ఎవర్నీ గట్టు మీద కాలు పెట్టనివ్వలేదు, బొమ్మలూ లేవు. లంగరు వేసుకోమన్నారు. ఏం కావాలో చెబితే కూరగాయలు, రొట్టె, నీళ్లు, డీజిల్ పడవ దగ్గరికే చేర్చారు. సరుకు అందింది, గాలి అనుకూలించింది, పడవ వెళ్లిపోయింది. దీవిలో జనానికి భయం లేదు, పడవలో వాళ్లకు ఆకలి లేదు. ఇది చేయడానికి మహా మేధస్సు ఏమీ అక్కర్లేదు, ఒక మోటారు పడవ, కాస్త మనసు ఉంటే చాలు.

అదే అట్లాంటిక్‌లో ఇంకో సంగతి. పోర్చుగల్ దీవి ఒకదాని నుంచి ఒక అర్జెంటీనా నావికుడు ఇరవై తొమ్మిది అడుగుల పడవలో ఒంటరిగా బయల్దేరాడు. విమానాలు ఆగిపోయాయి, అవతల తండ్రికి తొంభై ఏళ్లు నిండుతున్నాయి. దారిలో కేప్ వెర్దె దీవుల దగ్గర ఇంధనం, తిండి నింపుకుందామని ఆగబోతే రానివ్వలేదని ఆయన తర్వాత పత్రికలకు చెప్పాడు. ఉన్నదాంతోనే సముద్రం దాటాడు. మొత్తం 85 రోజులు. సొంత ఊరు మార్ దెల్ ప్లాతా చేరాక పరీక్ష చేశారు, రోగం లేదని తేలింది, దిగనిచ్చారు. పత్రికలు దాన్ని తండ్రీకొడుకుల ప్రేమకథగా రాశాయి. నాకు మాత్రం కేప్ వెర్దె దగ్గరే కథ ఆగిపోయింది. ఆ ఒక్క మనిషికి నాలుగు డబ్బాల నీళ్లు, రెండు డబ్బాల డీజిల్ తాడుకు కట్టి ఇవ్వడానికి ఏ వైరస్ అడ్డొచ్చింది?

రేవుల భయం కల్పితమని నేననను. ఆ ఫిబ్రవరిలోనే యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను అందరూ టీవీల్లో చూశారు. అందులో 3,711 మంది ఉంటే 712 మందికి సోకింది. మార్చిలో సిడ్నీలో రూబీ ప్రిన్సెస్ నుంచి సుమారు 2,700 మంది ప్రయాణికులను దింపి ఊళ్లోకి పంపేస్తే వాళ్లతో పాటు వైరస్ కూడా దిగింది. ఆ తర్వాత 'ఓడ' అనే మాట వింటేనే రేవు అధికారులు తలుపు వేసేశారు. పెద్ద ఓడల మీద కోపం చిన్న పడవల మీద తీర్చుకున్నట్టయింది. గదికి గది ఆనుకుని వేలమంది ఉండే ఓడకూ, ఇరవై అయిదు రోజులుగా మూడో మనిషి మొహం చూడని ఇద్దరున్న పడవకూ ఒకే నియమం పెట్టారు.

పసిఫిక్ దీవులకైతే భయపడడానికి ఇంకా పాత కారణాలున్నాయి. 1875లో బ్రిటిష్ యుద్ధనౌక డైడో సిడ్నీ నుంచి తిరిగొస్తూ ఫిజీకి తట్టు తెచ్చింది. ఓడను ఆపినవాళ్లు లేరు. సుమారు 40,000 మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా, ఆనాటి ఫిజీ జనాభాలో నాలుగో వంతుకు అటూ ఇటూ. 1918 నవంబరులో తాలూన్ అనే ఓడ ఆక్లండ్ నుంచి పశ్చిమ సమోవాకు ఇన్‌ఫ్లుయెంజా మోసుకెళ్లింది. అక్కడ అయిదుగురిలో ఒకరికి పైగా పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు ఓడలను దగ్గరికి రానివ్వలేదు. అక్కడ ఒక్క చావు కూడా లేదు. కాబట్టి రేవు మూసేసిన దీవివాడిని చూసి ఒడ్డున కూర్చుని నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాకసలే లేదు.

అయినా చూడండి, 2020లో దారి చూపించింది ఆ ఫిజీయే. ఆ దేశంతో మా వాళ్లకు పాత సంబంధం ఉంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలీలుగా అక్కడికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఓడ దిగిన కూలీలను ముందుగా సువా దగ్గర నుకులావు అనే చిన్న దీవిలో ఉంచి, రోగాలేమీ లేవని చూసుకున్నాకే తోటలకు పంచేవారు. వాళ్లు బానిసల్లాంటి బతుకులోకి వెళ్లారనేది వేరే కథ, అందులో మెచ్చుకోవాల్సింది ఏదీ లేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ రోజుల్లో రోగభయం ఉన్న ఓడను సముద్రంలోకి తరిమేయకుండా, దాన్ని ఉంచడానికి ఒక చోటు చూపించారు. 1377లో అడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, ఇప్పటి దుబ్రోవ్నిక్, ప్లేగు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను నెలరోజులు దూరంగా ఉంచాలని శాసనం చేసినప్పుడూ ఎక్కడ ఉండాలో పేరు పెట్టి చెప్పింది. క్వారంటైన్ అంటే మొదటి నుంచీ ఒక స్థలం. ఆరున్నర శతాబ్దాల తర్వాత మనం ఆ స్థలాన్ని తీసేసి, 'రావద్దు' అన్న ఒక్క ముక్క మిగుల్చుకున్నాం.

2020 జూన్‌లో ఫిజీ ప్రధాని వొరేకే బైనిమరామా పడవల కోసం 'బ్లూ లేన్' ప్రకటించారు. ఏర్పాటు ఇది. బయల్దేరే ముందు కోవిడ్ పరీక్ష చేయించుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా డెనరావు రేవుకే రావాలి. పద్నాలుగు రోజుల క్వారంటైన్‌లోంచి సముద్రం మీద గడిచిన రోజులు తీసేస్తారు. ప్రయాణం పది రోజులైతే మిగిలిన నాలుగు రోజులూ రేవు బయట సొంత పడవలోనే లంగరు మీద ఉండాలి. ఆఖర్న ఇంకో పరీక్ష, ఖర్చు పడవవాడిదే. ఫిజీకి అందులో స్వార్థం లేకపోలేదు. పర్యాటకం పడిపోయి హోటళ్లు ఖాళీగా ఉన్నాయి, పడవవాళ్లు వస్తే నాలుగు డబ్బులు వస్తాయి. రానీయండి. స్వార్థం, వివేకం ఒకే దారిన వెళ్లినప్పుడు కాదనడమెందుకు? 2021 ఏప్రిల్లో ఫిజీని అతలాకుతలం చేసిన డెల్టా విడత కూడా విదేశాల నుంచి విమానాల్లో వచ్చినవాళ్లను ఉంచిన క్వారంటైన్ కేంద్రం నుంచే మొదలైంది, లంగరు వేసిన పడవల నుంచి కాదు.

న్యూజీలాండ్ దగ్గరికొస్తే నా మాట కాస్త కటువుగా ఉంటుంది. ముందు ఇవ్వాల్సిన మర్యాద ఇస్తాను. 2020 చివరికి ఆ దేశంలో కోవిడ్ మరణాలు ఇరవై అయిదు. మా దగ్గర ఒక్కో జిల్లాలో అంతకు ఎన్నో రెట్లు పోయారు. మార్చి 19న సరిహద్దు మూశారు, జూన్ 30 నుంచి సముద్ర సరిహద్దుకు ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, విదేశీ పడవలకు మినహాయింపు ఉంటే తప్ప ప్రవేశం లేదన్నారు. మానవతా కారణాలతో మినహాయింపు అడగొచ్చు. కానీ తుపాను కాలం ఏటా వచ్చేదే, దాన్ని తప్పించుకోవడం మానవతా కారణం కాదన్నట్టుగా చాలా దరఖాస్తులు తిరగ్గొట్టారు. సెప్టెంబరులో అనుమతి లేకుండానే తాహితీ నుంచి బే ఆఫ్ ఐలండ్స్‌కు వచ్చిన ఒక పడవలోని ముగ్గురు జర్మన్లను పట్టుకుని విమానమెక్కించి పంపేశారు. నియమం తప్పారు, శిక్ష పడింది. దాని మీద నాకు పేచీ లేదు.

నా పేచీ వేరే వరుసతో. అదే జూన్‌లో, అమెరికాస్ కప్ పడవ పందేల కోసం అమెరికా, బ్రిటన్ జట్లకు కుటుంబాలతో సహా వందలమందికి ఆ దేశం ప్రత్యేక అనుమతి ఇచ్చింది. వాళ్లు విమానాల్లో వచ్చారు, పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉన్నారు, 2021 మార్చిలో ఆక్లండ్‌లో పందెం జరిగింది, న్యూజీలాండ్ గెలిచింది. రిపేర్ల కోసం వచ్చే పడవలకు ఇంకో కిటికీ తెరిచారు. అక్కడి పడవల షెడ్లలో 50,000 న్యూజీలాండ్ డాలర్లకు తగ్గకుండా పని చేయించుకునేవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే వైరస్ ధర కట్టి వస్తుందన్నమాట! యాభై వేల డాలర్ల పని ఉన్న పడవలో లేని వైరస్, ఇద్దరు పిల్లలతో తుపాను నుంచి తప్పించుకోజూసే పడవలో ఉందా? ప్రమాదాన్ని కొలిచి పెట్టిన నియమానికి నేను తల వంచుతాను. డబ్బును కొలిచి పెట్టినదాన్ని ఆరోగ్య నియమం అని మీరూ అనకూడదు.

అదే దేశపు లిటెల్టన్ రేవులో 2017 చివర్లో మా అమ్మాయిలు దిగారు. నౌకాదళ పడవ ఐఎన్‌ఎస్‌వి తరిణి మీద ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. యాభై ఆరు అడుగుల పడవ. 2017 సెప్టెంబరు 10న గోవా వదిలి, 2018 మే 21న తిరిగొచ్చారు. ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవుల్లో ఆగాలని ముందే అనుకున్నారు. కేప్ టౌన్ దాటాక చుక్కాని తిప్పే ఏర్పాటు చెడిపోయింది. అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీకి వెళ్లి బాగుచేయించుకుని ఇంటికొచ్చారు. సముద్రం మీద పడవకు రేవు ఎందుకు కావాలో ఈ ఒక్క సంఘటన చాలు. రెండేళ్లు ఆలస్యంగా బయల్దేరి ఉంటే? వాళ్లు నౌకాదళం వాళ్లు, వెనక ఒక ప్రభుత్వం ఉంది, ఫోన్లు మోగేవి. ఎవరూ లేనివాడికి చుక్కాని విరిగితే ఏ ఫోను మోగుతుంది?

ఇక్కడ మీ శాస్త్రవేత్తలు నన్ను ఆపుతారు. సముద్రం మీద గడిచిన రోజులే క్వారంటైన్ అనడం అంత సులువా? ఎచిజెన్ మారు సంగతేంటి? ఆ ప్రశ్న న్యాయమైనదే. అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి వేటకు వెళ్లిన ఆ ట్రాలర్ సిబ్బందిని ముందుగా పద్నాలుగు రోజులు హోటల్లో ఉంచారు, పరీక్షల్లో వైరస్ లేదని తేలింది. తీరా ముప్ఫై అయిదు రోజులు సముద్రంలో తిరిగాక 2020 జూలైలో చూస్తే అరవై ఒక్క మందిలో యాభై ఏడుగురికి సోకి ఉంది. ఎలాగన్నది అప్పట్లో అక్కడి అధికారులకే అంతుబట్టలేదు. నా వాదనకు ఇది ఎదురుదెబ్బే, దాచను. కానీ లెక్క చూడండి. అరవై మంది ఇరుకు గదుల్లో, ఒకే భోజనశాలలో ఉంటే ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతూ గొలుసు నెలపైగా సాగగలదు. ఇద్దరు ముగ్గురున్న పడవలో గొలుసుకు లంకెలే రెండు మూడు. మూడు వారాల్లో అది ఎటో ఒకవైపు తేలిపోతుంది. అందుకే రోజులు లెక్కేయడంతో పాటు మనుషుల్నీ లెక్కేయమంటాను, చివర్లో పరీక్ష ఉండాలంటాను. ఫిజీ చేసింది సరిగ్గా ఇదే. ఊహ మీద కాదు, ఒక చిన్న దేశం అమలు చేసి చూపించిన పద్ధతి మీద మాట్లాడుతున్నాను.

మీ పుస్తకంలో ఏముందో మీకు నేను చెప్పాలా అనుకోకండి, చదివినవాడిగా గుర్తు చేస్తాను. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో 28వ అధికరణం ఉంది. ప్రజారోగ్యం పేరుతో ఓడను రేవుకు రానివ్వకుండా ఆపకూడదంటుంది. ఆ రేవులో తగిన ఏర్పాట్లు లేకపోతే దగ్గర్లో ఏర్పాట్లున్న రేవుకు పొమ్మనవచ్చు, అలా మళ్లించడం పడవకు ప్రమాదమైతే అదీ కుదరదు. ఇంధనం, నీళ్లు, తిండి, సరుకులు ఎక్కించుకోవడాన్ని అడ్డుకోకూడదని కూడా ఆ అధికరణంలోనే ఉంది. ఇంత స్పష్టంగా రాసి పెట్టినా పనిచేయలేదు. ఎందుకంటే దాని పక్కనే 43వ అధికరణం ఉంది. అదనపు చర్యలు తీసుకునే వీలు అది ఇస్తుంది. అందుకు శాస్త్రీయ కారణం చూపాలి, రాకపోకలకు పెద్దగా అడ్డం వచ్చే చర్య అయితే 48 గంటల్లో మీకు తెలియజేయాలి. ఆ తలుపులోంచి ప్రపంచంలో సగం బయటికి వెళ్లిపోయింది. రానివ్వకపోవడం మీద అంతా గొడవపడ్డారు, నీళ్ల సంగతి అడిగిన నాథుడు లేడు.

వాణిజ్య నౌకల సిబ్బందీ తక్కువ బాధ పడలేదు. 2020 చివర్లో సుమారు 4 లక్షల మంది గడువు తీరినా ఓడ దిగలేక ఉండిపోయారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క. మా వాళ్లూ అందులో ఉన్నారు. అయితే వాళ్లకు పేరంటూ ఉంది, సంఘాలున్నాయి, డిసెంబరు 1న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వాళ్ల కోసం తీర్మానం చేసింది. 2020 ఆగస్టులో మీ సంస్థ కూడా సరుకు ఓడల మీద, చేపల వేట పడవల మీద పాటించాల్సిన ఆరోగ్య జాగ్రత్తల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. సొంత పడవలో పోయేవాడు ఆ శీర్షికలో లేడు. వాడు నౌకా సిబ్బంది కాదు, ఎందుకంటే జీతం లేదు. మామూలు పర్యాటకుడూ కాదు, ఎందుకంటే విమానమెక్కి పొమ్మంటే ఇల్లు సముద్రంలో వదిలి పోవాలి. ఏ ఖానాలోనూ పట్టనివాడిని ఆఫీసులో ఏం చేస్తారో మీకూ తెలుసు. రేపు రమ్మంటారు.

ఇది తెల్లతోలు విహారయాత్రికుల బాధే కదా అనే మాట ఇంకా మిగిలే ఉంది. అనేవాళ్లకు గుజరాత్‌లోని వెరావల్ చూపిస్తాను. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు ఏటా అక్కడి బోట్ల మీద కూలికి వేటకు వెళ్తారు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చేసరికి నాలుగు వేలమందికి పైగా ఆ రేవులోనే ఇరుక్కుపోయారు. వేట లేదు, రైలు లేదు. గట్టు పక్కనే బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టి ఉంటే, ఆ బోట్లలోనే పడుకున్నారు, అక్కడే వండుకున్నారు. దూరం పాటించండి అని ప్రభుత్వం చెబుతోంది, పడుకోవడానికి చాలినంత చోటు లేని బోటులో ఎంతోమంది ఉన్నారు. నెల తర్వాత, ఏప్రిల్ చివర్లో, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మాట్లాడుకుని బస్సుల్లో ఇంటికి చేర్చాయి. వీళ్లు సరిహద్దు దాటలేదు, దేశంలోనే ఉన్నారు, అయినా ఇంత పని అయింది. మార్క్విసాస్ ముందు లంగరు వేసిన ఫ్రెంచి దంపతులకూ, వెరావల్ గట్టున కట్టేసిన సోంపేట కుర్రాడికీ డబ్బులో పోలిక లేదు. పడవలో ఉన్నవాడిని మనిషిగా కాక సరుకుగా చూసే రేవు చూపులో మాత్రం ఇద్దరూ ఒకటే. నీళ్ల నియమం రాస్తే ఇద్దరికీ పనికొస్తుంది.

ఆ అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను 2024 జూన్ 1న సవరించారు, 2025 సెప్టెంబరు 19న ఆ సవరణలు అమల్లోకొచ్చాయి. 'మహమ్మారి అత్యవసర పరిస్థితి' అనే కొత్త మెట్టు చేర్చారు. 2025 మే 20న మహమ్మారి ఒప్పందాన్నీ ఆమోదించారు. మళ్లీ అధికరణాలు తిరగరాయమని నేనడగను, అందుకెన్ని రాత్రులు పడతాయో చూశాం. ఉన్న 28వ అధికరణాన్ని చిన్న పడవకు ఎలా వర్తింపజేయాలో చెప్పే ఒక మార్గదర్శకం చాలు. రెండు పేజీలు మించనక్కర్లేదు.

ముందుగా నీళ్ల గురించి రాయండి. రేవు మూసినా, లంగరు వేసిన పడవకు నీరు, తిండి, ఇంధనం, మందులు అందించడం ఏ అదనపు చర్య కిందా ఆపకూడదని. గట్టు మీద కాలు పెట్టనివ్వాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం, వదిలేయండి. ప్రతి సముద్ర ప్రాంతంలో కనీసం ఒక ఆశ్రయపు లంగరు చోటు ముందే ప్రకటించాలి, మహమ్మారి వచ్చాక వెతుక్కోవడం కాదు. ఆరోగ్య తనిఖీ కోరుతూ పసుపు జెండా ఎగరేసిన పడవ అక్కడ ఆగొచ్చని పటాల్లోనే ఉండాలి. అయిదుగురికి మించని పడవకు సముద్రం మీద గడిచిన రోజులు క్వారంటైన్‌లో లెక్కకు రావాలి, ఉపగ్రహ ట్రాకరో లాగ్‌బుక్కో సాక్ష్యం, ఆఖర్న పరీక్ష. తుపాను దారిలో ఉన్న పడవను మళ్లించడమంటే ప్రాణాపాయమని ఒప్పుకోవాలి. మినహాయింపు ఇచ్చే దేశం డబ్బు కొలమానం వాడితే ఆ సంగతి 48 గంటల నోటీసులో బయటపెట్టాలి. ఈ చివరిదానికి సభ్యదేశాలు ఒప్పుకోవని నాకు తెలుసు. అయినా రాయండి, కాదన్నది ఎవరో తెలుస్తుంది.

మీ పదవీకాలం 2027 ఆగస్టు వరకు ఉంది. మార్గదర్శకానికి సభ ఓటు అక్కర్లేదు, మీ కార్యాలయం సంతకం చాలు. దీని ప్రతి ఒకటి ఇక్కడి పోర్టు హెల్త్ ఆర్గనైజేషన్‌కు కూడా పంపుతున్నాను. విశాఖ బయట లంగరు వేసిన చిన్న పడవకు మహమ్మారి రోజుల్లో నీళ్లెవరివ్వాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అని వాళ్లనీ అడిగాను. మీ నుంచైనా, వాళ్ల నుంచైనా, ముందు ఎవరు జవాబిస్తే ఆ జవాబును ఈ ఉత్తరం అచ్చయిన పత్రికకే పంపిస్తాను.

భవదీయుడు,
విశాఖపట్నం తీరవాసి ఒకరు